మూడో తరగతి వాక్యంలో అయిదు ఒత్తులు

‘మొక్కలు వేర్ల ద్వారా నీటిని గ్రహిస్తాయి.’ మూడో తరగతి పరిసరాల విజ్ఞానం పాఠాల్లో వాక్యాలు ఇలాగే ఉంటాయి. పెద్దల కంటికి ఇందులో కష్టమేమీ కనపడదు. ఎనిమిదేళ్ల పిల్ల మాత్రం ఈ అయిదు మాటల్లో అయిదు ఒత్తులు దాటాలి: క్క, ర్ల, ద్వ, గ్ర, స్త. కూడబలుక్కుంటూ చదివే పిల్ల ‘గ్రహిస్తాయి’ దగ్గరికి వచ్చేసరికి వాక్యం దేని గురించి మొదలైందో మరిచిపోతుంది. అదే పిల్లను బడి ఆవరణలో బంతి మొక్క దగ్గర నిలబెట్టి, నీళ్లు ఆకుల మీద పోయాలా, మొదట్లో పోయాలా అని అడిగితే ఠక్కున మొదట్లో అంటుంది. వేళ్లు తాగుతాయి కాబట్టి అని కారణం కూడా చెబుతుంది. పరీక్షలో మాత్రం ఆ ప్రశ్నకు సున్నా వస్తుంది. ఆ సున్నాను సైన్సు ఖాతాలో వేస్తారు.

పిల్లలు సైన్సు ఎంత నేర్చుకుంటున్నారు, బొమ్మలు వేయడం ఏ మాత్రం వస్తోంది, చదవడం ఎక్కడిదాకా వచ్చింది అని మూడు ప్రశ్నలు వేరువేరుగా అడుగుతుంటాం. టైంటేబుల్‌లోనూ ఇవి వేరువేరు గళ్లలో ఉంటాయి. పిల్ల బుర్రలో అవి ఒకదాన్ని పట్టుకుని ఒకటి నడుస్తాయి. చదవడం వెనకబడిందని తెలిసినప్పుడల్లా మిగతా రెండింటి వేళ తీసి చదవడానికి ఇవ్వడం మన బడులకు అలవాటైంది. దానివల్ల సైన్సూ బొమ్మలూ దెబ్బతింటాయని అందరికీ తెలుసు. కొన్నాళ్లకు చదవడం కూడా అక్కడే ఆగిపోతుందన్నది అంతగా గమనించని సంగతి.

ముందు చదవడం ఎలా ఉందో చూద్దాం. ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వేలో పరీక్ష చాలా సాదాగా ఉంటుంది. ఊళ్లో ఇంటికి వెళ్లి, పిల్లను విడిగా కూర్చోబెట్టి, ఒక కాగితం చేతికిస్తారు. దాని మీద కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయిలో ఒక చిన్న కథ ఉంటాయి. ఎక్కడిదాకా చదవగలిగితే అదే ఆ పిల్ల స్థాయి. 2024 సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవాళ్లు 23.4 శాతం. కరోనాకు బడులు మూతపడి తెరిచాక, 2022లో, ఇది 16.3 శాతం. అంతకుముందు 2018లో 20.9 శాతం. అంటే పోయింది తిరిగి వచ్చింది, కొంచెం ముందుకూ వెళ్లింది. అయిదో తరగతికి వచ్చినా ఆ కథ చదివేవాళ్లు 44.8 శాతమే. సగానికి పైగా పిల్లలు రెండో తరగతి కథ చదవలేకుండానే హైస్కూల్ పుస్తకాలు సంచిలో వేసుకోబోతున్నారు.

తెలుగు పిల్లల మీద ఇందులో అదనపు బరువు ఒకటుంది. వర్ణమాల 56 అక్షరాలని చెప్పుకుంటాం గానీ, పుస్తకంలో కంటికి తగిలే రూపాలు వందల్లో ఉంటాయి. హల్లులు ముప్పై అయిదు అనుకున్నా, ఒక్కోదానికి గుణింతంలో డజను రూపాలు వేసుకున్నా నాలుగు వందలు దాటిపోతాయి. ఆపైన ఒత్తులు. త, మ, య, ర లాంటి అక్షరాల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. ‘మ’, ‘య’ తికమక పడటం, ‘ఘ’, ‘ఫ’ కలిసిపోవడం ఏ టీచరుకైనా తెలిసిన గొడవే. మన లిపికి అక్కచెల్లెలు లాంటి కన్నడ లిపి మీద జరిగిన పరిశోధనలో, అక్షర రూపాలన్నీ పట్టుబడటం నాలుగో తరగతి దాకా సాగుతోందని తేలింది. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలు మొదటి ఏడాదిలో వచ్చేస్తాయి, కష్టమంతా స్పెల్లింగుల దగ్గర మొదలవుతుంది. మనకు అక్షరం నుంచి ధ్వనికి దారి సూటిగానే ఉంటుంది, అక్షరాలే ఎక్కువ. కాబట్టి మూడో తరగతి తెలుగు పిల్ల ఒత్తుల దగ్గర తడబడుతుంటే అది మొద్దుతనం కాదు. ఆ వయసుకు ఆ లిపిలో జరగాల్సినదే జరుగుతోంది.

కేంద్రం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం, 2026-27 నాటికి మూడో తరగతి ముగించే ప్రతి బిడ్డా అర్థమయ్యేలా చదవాలని, చిన్న లెక్కలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 మాటలు అన్నది అందులో ఒక గుర్తు. తెలుగులో మాటలు ఒకదానికొకటి అతుక్కుని పొడుగవుతాయి కాబట్టి, హిందీలో 60 మాటలూ తెలుగులో 60 మాటలూ ఒకే పని కాదు. భాషకో ప్రమాణం ఉండాలనే, దేశానికి పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 2022 మార్చిలో వేరుగా అధ్యయనం చేసింది, అది మంచి పని. తెలంగాణలో అదే ఏడాది ఆగస్టులో తొలిమెట్టు అనే కార్యక్రమం వచ్చింది. ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకు ముందుగా పరీక్ష పెట్టి, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చూసి, ఆ మెట్టు నుంచే చెప్పాలన్నది అందులో అసలు విషయం. సిలబస్ పూర్తి చేయాలన్న టెన్షన్‌లో పదిమందికి అందని పాఠం చదువుకుంటూ పోవడం కన్నా ఇది ఎంతో మేలు.

చిక్కు వేళ దగ్గర వస్తుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. అంటే రోజుకు నాలుగు గంటలు. తెలుగు, ఇంగ్లిష్, లెక్కలకు అదనంగా అరగంట కావాలంటే ఎక్కడో తీయాలి. ఆ తీసేది పరిసరాల విజ్ఞానం నుంచి. కళల పీరియడ్ అయితే చాలా బడుల్లో కాగితం మీదే ఉంటుంది, అందులోంచి తీయడానికి కూడా ఏమీ మిగలదు.

పైనుంచి ఏది కొలుస్తారో కింద దానికే విలువ వస్తుంది. 2021 నవంబరు 12న జరిగిన జాతీయ సాధన సర్వేలో మూడో తరగతి పిల్లలకు భాష, గణితంతో పాటు పరిసరాల విజ్ఞానం కూడా పెట్టారు. దాని తర్వాత పరఖ్ పేరుతో 2024 డిసెంబరు 4న జరిగిన సర్వేలో మూడో తరగతికి భాష, గణితమే మిగిలాయి. ఆరో తరగతి పిల్లలకు మాత్రం ‘మన చుట్టూ ఉన్న ప్రపంచం’ అనే భాగం ఉంది. ప్రాథమిక బడిలో నేర్చుకుని వచ్చిన సైన్సూ సాంఘికమూ కలిపి అడిగే భాగం అది. అందులో దేశ సగటు 49 శాతం. అదే పిల్లలకు భాషలో 57. బొమ్మలు, పాట, నాటకం ఈ సర్వేల్లో ఎక్కడా లేవు. కళలను మార్కుల్లోకి తేవాలని కాదు గానీ, ఎవరూ అడగని సబ్జెక్టును అయిదు తరగతుల మధ్య నలిగిపోయే టీచరు ఎందుకు పట్టించుకుంటారు?

ఈ దారిలో అమెరికా మనకన్నా ముందు నడిచి చూసింది. 2002లో అక్కడ అమల్లోకి వచ్చిన ఒక చట్టం చదవడం, గణితంలో ఏటా పరీక్షలు పెట్టి, ఫలితాలు రాని బడుల మీద చర్యలు తీసుకోమంది. ప్రాథమిక బడులు సైన్సు, సాంఘికం, కళల వేళ కోసి చదవడానికి పెట్టాయి. అక్కడి జాతీయ పరీక్షలో నాలుగో తరగతి చదవడం సగటు స్కోరు 2002లో 219, 2019లో 220. పదిహేడేళ్లలో ఒక్క పాయింటు. దానికి కారణాలు చాలా ఉంటాయి, మొత్తం పాపం వేళల మార్పు మీద వేయలేం. కానీ వేళ పెంచితే చదవడం దానంతట అదే పెరుగుతుందన్న నమ్మకం అక్కడ నిలబడలేదని చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు.

ఎందుకు నిలబడలేదో చెప్పే వివరణ పాతదే. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడాన్ని ఒక గుణకారంగా చూపించారు. అచ్చును మాటగా మార్చుకోవడం ఒకటి, విన్నది అర్థం చేసుకోవడం ఒకటి, ఈ రెండిటి లబ్ధమే చదవడం. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నా. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు మొదటి అంకెను పెంచుతాయి. రెండో అంకె మాటల నుంచి, లోకం తెలియడం నుంచి వస్తుంది. దీన్ని 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు చక్కగా పట్టి చూపించారు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందికి బేస్‌బాల్ ఆట గురించి ఒక పేజీ ఇచ్చి, చదివింది చిన్న మైదానం నమూనా మీద బొమ్మలు కదిపి చూపించమన్నారు. చదవడంలో వెనకబడి ఉన్నా ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో ముందుండి ఆట తెలియని పిల్లలకన్నా ఎంతో బాగా చేశారు. మన దగ్గర క్రికెట్ వార్తతో ఇదే చేసి చూడొచ్చు. మార్కుల్లో వెనకబడిన కుర్రాడు స్పోర్ట్స్ పేజీ గడగడా చదివి స్కోరు సహా చెప్పడం చాలా ఇళ్లలో చూసిందే.

గింజ, వేరు, వాగు, చెరువు, తేనెటీగ, ఇటుక బట్టీ గురించి ఏమీ తెలియకుండా అయిదో తరగతి దాటిన పిల్ల, ఒత్తులన్నీ నేర్చినా ఆరో తరగతి పాఠం ముందు ఆగిపోతుంది. మాటలు నోటికి వస్తాయి, వాటి వెనక మనసులో కదిలేది ఏమీ ఉండదు. పరిసరాల విజ్ఞానం పీరియడ్ కోసి తెలుగు చదివించడమంటే ఆ గుణకారంలో ఒక అంకె పెంచుతూ రెండోది తగ్గించడమే.

పరిసరాల విజ్ఞానం బాగా చెబితే పిల్లలు నేర్చుకునేదేమిటి? ఒకటి, రెండు తరగతుల్లో దీనికి వేరే పుస్తకం ఉండదు, భాషలో, లెక్కల్లో కలిసి వస్తుంది. మూడో తరగతి నుంచి పుస్తకం మొదలవుతుంది. జాతీయ పాఠ్య ప్రణాళిక 2005 తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ దీన్ని కుటుంబం-స్నేహితులు, ఆహారం, నీరు, ఇల్లు, ప్రయాణం, మనం చేసే వస్తువులు అని ఆరు అంశాలుగా అల్లింది. సైన్సునీ సాంఘికాన్నీ ఆ వయసులో విడదీయకూడదన్నది ఆలోచన. నీరు అనే పాఠంలో ఆవిరి ఉంటుంది, బోరింగు దగ్గర క్యూ ఉంటుంది, బిందె ఎవరు మోస్తారన్న ప్రశ్న ఉంటుంది. ఆలోచన గొప్పది. తరగతి గదిలో జరిగేది తరచూ వేరు. పాఠం ఒకసారి గట్టిగా చదివిస్తారు, చివరి ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాస్తారు, పిల్లలు నోట్సులోకి ఎక్కించుకుంటారు. దీంతో చేతిరాత మెరుగుపడుతుంది, అంతకుమించి ఏమీ జరగదు.

దానికి బదులు పెసలు తీసుకుందాం. మూడు గిన్నెలు. ఒకదాంట్లో పొడి పెసలు. ఒకదాంట్లో తడిగుడ్డలో చుట్టిన పెసలు. ఒకదాంట్లో నిండా నీళ్లు పోసి ముంచిన పెసలు. ఏ గిన్నెలో ముందు మొలకలొస్తాయో చెప్పమంటే చాలామంది పిల్లలు నీళ్ల గిన్నె అంటారు. గింజకు నీళ్లు కావాలి కాబట్టి ఎక్కువ నీళ్లుంటే ఇంకా మంచిదన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పే అయినా అది ఆలోచించి చెప్పిన జవాబు. మర్నాటికో ఆ మర్నాటికో తడిగుడ్డలోవి తెల్లటి మొన బయటపెడతాయి. నీళ్లలో మునిగినవి ఉబ్బుతాయి, తోలు పగులుతుంది, ఒకటీ అరా మొన చూపించినా ముందుకు సాగవు, నీళ్లు మార్చకపోతే రెండు మూడు రోజుల్లో వాసన పడతాయి. పొడివి పొడిగానే ఉంటాయి. నీళ్లున్నా ఎందుకు పెరగలేదన్న ప్రశ్న ఇప్పుడు పిల్లల దగ్గరి నుంచే వస్తుంది. గింజకు గాలి కూడా కావాలని టీచరు అప్పుడు చెబితే, ఆ మాట చెవిలో నుంచి జారిపోదు.

ఇక్కడే బొమ్మ పని మొదలవుతుంది. రోజూ ఒక గింజను చూసి వేయమంటే మొదటి రోజు పిల్లలు గుండ్రంగా గీసి ఆకుపచ్చ రంగు పూస్తారు. పక్కన గింజ పెట్టి మళ్లీ చూడమంటే, ఒక పక్క చిన్న తెల్లటి గీతలా ఉన్న మచ్చ కనిపిస్తుంది. నానిన గింజ తోలు వలిస్తే లోపల రెండు బద్దలు, వాటి మధ్య ముడుచుకున్న బుల్లి మొలక కనిపిస్తాయి. మధ్యాహ్న భోజనంలో పప్పుగా తింటున్నది ఆ బద్దలనేనని అప్పుడు తెలుస్తుంది. రెండో రోజు బయటికి వచ్చిన మొన ఆకు అవుతుందని కొందరు పైకి తిప్పి గీస్తారు. మూడో రోజుకు అది కిందికి వంగి, సన్నటి నూగు కట్టి, వేరని తేలుతుంది. ఎవరి బొమ్మను వాళ్లే దిద్దుకోవాల్సి వస్తుంది. చూసిందొకటి, అనుకున్నదొకటి అని పిల్లకు తన కాగితమే చెబుతుంది. సైన్సులో పిల్లల చేత బొమ్మలు వేయించడం అలంకారం కాదని, అది ఆలోచించే పద్ధతేనని 2011లో ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం వాదించింది. టీచర్లు చాలామంది దీన్ని ముందు నుంచే చేస్తున్నారు.

బొమ్మలంటే మన బడుల్లో సాధారణంగా కనిపించేది వేరు. ఏ పిల్లకు తెల్ల కాగితం ఇచ్చినా రెండు కొండలు, మధ్యలో కిరణాల సూర్యుడు, కింద ఏరు, ఒక పక్క పెంకుటిల్లు, ఇంకో పక్క కొబ్బరి చెట్టు వస్తాయి. అనంతపురంలో కిటికీ బయట వేపచెట్టు పెట్టుకుని కూడా కొబ్బరి చెట్టే వేస్తారు. ఈ బొమ్మను పిల్లలు చూసి నేర్చుకోలేదు, అన్నయ్య నోట్సులోంచి ఎక్కించుకున్నారు. రంగులు గీత దాటకుండా నింపే కలరింగ్ పుస్తకాలదీ అదే సంగతి. వాటితో చేయి కుదురుతుంది, కన్ను తెరుచుకోదు. చింతాకు వేయమంటే మొదట ఒక పెద్ద ఆకు వేసే పిల్ల, రెమ్మ తెచ్చి చేతికిస్తే జంటలు జంటలుగా ఉన్న చిట్టి ఆకులు లెక్కపెట్టి వేస్తుంది. లెక్కపెట్టడమంటే గణితం, పేర్లు పెట్టడమంటే భాష.

జాతీయ పాఠ్య ప్రణాళిక 2023 కళలను పక్క పనిగా కాక సబ్జెక్టుగా లెక్కించింది. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి ‘బాంసురి’ పేరుతో కళల పుస్తకం తెచ్చింది. అందులో చిత్రకళతో పాటు సంగీతం, నాట్యం, నాటకం ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో కూడా కళా విద్య సహపాఠ్య అంశాల్లో పేరుకు ఎప్పటి నుంచో ఉంది. దానికి కావాల్సిన సరుకు మన ఊళ్లలోనే ఉంది. చేర్యాల పటం మీద కథ గళ్లు గళ్లుగా నడుస్తుంది, వరసగా చూసి కథ చెప్పమంటే అది చదవడానికి తొలి మెట్టు. ఏటికొప్పాక లక్క బొమ్మలకు రంగులు మొక్కల నుంచి తీస్తారు, పసుపు, సున్నం కలిపి ఎర్ర రంగు తెప్పించే పని పిల్లలు బడిలోనే చేయొచ్చు. ముగ్గు చుక్కలు ఎటు నుంచి చూసినా ఒకేలా ఉండటం నాలుగో తరగతి గణితం. వీటిని పండగ రోజు ప్రదర్శనకే దాచిపెట్టడం చాలా నష్టం.

ద్విభాషా పుస్తకాల గురించి ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ఒక పక్క తెలుగు, పక్క పేజీలో ఇంగ్లిష్‌తో పుస్తకాలు వచ్చాయి. ఇంగ్లిష్ మీడియం కావాలన్న తల్లిదండ్రుల కోరిక న్యాయమైనదే. కానీ తెలుగు వాక్యమే అందని పిల్లకు ఇంగ్లిష్ పేజీ బట్టీ పట్టే పనిగానే మిగులుతుంది. పెసల ప్రయోగం తెలుగులో మాట్లాడుకుని, బొమ్మ వేసి, ఆ బొమ్మలోని భాగాలకు రెండు భాషల్లో పేర్లు రాయిస్తే రెండో పేజీకి కూడా ప్రాణం వస్తుంది.

ఇవన్నీ వినడానికి బాగానే ఉంటాయి, ఒక్క టీచరు అయిదు తరగతులు ఎలా చూసుకోవాలి అన్నది న్యాయమైన ప్రశ్న. విద్యాహక్కు చట్టం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలంటుంది. అది అమలైన చోట కూడా ఒక్కొక్కరికి రెండు మూడు తరగతులు తప్పవు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం దీని మీదే దశాబ్దాలు పనిచేసింది. పద్మనాభరావు, రమ దంపతులు పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఏ పిల్ల తన మెట్టు మీద తాను నడిచే పద్ధతి తయారుచేశారు. వేరువేరు వయసుల పిల్లలు ఒకే గదిలో ఉండటాన్ని వాళ్లు అడ్డంకిగా చూడలేదు, దాన్నే వాడుకున్నారు. తమిళనాడు ఆ దారిని తన ప్రభుత్వ బడుల్లోకి తీసుకెళ్లింది.

మూడు గిన్నెలు అలాంటి గదికి సరిగ్గా సరిపోతాయి. ఒకటో తరగతి వాళ్లు గింజ బొమ్మ వేసి ఒక మాట రాస్తారు. రెండో తరగతి వాళ్లు ఇవాళ ఏం మారిందో నోటితో చెబుతారు, టీచరు బోర్డు మీద వాళ్ల మాటల్లోనే రాస్తారు. మూడో తరగతి వాళ్లు రెండు వాక్యాలు సొంతంగా రాస్తారు, ఒత్తు తప్పుపోతే పక్కవాళ్లు దిద్దుతారు. నాలుగో తరగతి స్కేలుతో మొలక కొలుస్తుంది. అయిదో తరగతి పట్టిక వేసి, మూడు గిన్నెల మధ్య తేడా ఎందుకొచ్చిందో వాదిస్తుంది. సాయంత్రం బోర్డు మీద మిగిలిన వాక్యాలు మర్నాడు రెండో తరగతికి చదివే పాఠం అవుతాయి. వాళ్లు కళ్లతో చూసిన సంగతి, వాళ్ల నోటి మాట కాబట్టి సగం మాటలు ముందే తెలిసి ఉంటాయి, కొత్తగా తేల్చుకోవాల్సింది ఒత్తులే. తొలిమెట్టు అడిగే మెట్ల పద్ధతి కూడా ఇదే. పెసలూ గిన్నెలూ గుడ్డపీలికా వంటగదిలోనే దొరుకుతాయి.

దీనికి కొత్త టీచరు, కొత్త గది అక్కర్లేదు. వారానికి రెండు రోజులు తెలుగు పీరియడ్‌నూ పరిసరాల విజ్ఞానం పీరియడ్‌నూ కలిపి ఒకే ముక్కగా వేసుకునే వెసులుబాటు హెచ్‌ఎంకు ఇవ్వాలి. తనిఖీకి వచ్చిన అధికారి ఆ గంటను చదవడం నేర్పిన గంటగా రిజిస్టర్‌లో ఒప్పుకోవాలి. మూడో తరగతికి వచ్చే సర్వేలో పరిసరాల భాగాన్ని మళ్లీ చేర్చాలి, అందులో ఒక్క ప్రశ్నైనా ఒక వస్తువు చూపించి, చూసింది వేయమనీ చెప్పమనీ అడిగేదిగా ఉండాలి.